సేంట్ డెనీ కెథీడ్రల్: అంతర్భాగము, రాజసమాధులు

నిర్వచనము, స్థానము

సేంట్ డెనీ కెథీడ్రల్ ఫ్రాన్సు దేశమున పారిస్ మహానగరమునకు ఉత్తరముగా, దాని నానుకొనియున్న సేంట్ డెనీ పట్టణమందు గల ప్రాచీన క్రైస్తవ దేవాలయము. గోథిక్ వాస్తుశైలి మొట్టమొదట సమగ్రరూపము దాల్చిన కట్టడములలో అగ్రగణ్యమని వాస్తుచరిత్రకారులును, ఏడవ శతాబ్దము మొదలు పందొమ్మిదవ శతాబ్దము వరకు ఫ్రెంచి రాజవంశములకు ఖననస్థానమైన పుణ్యస్థలమని రాజకీయ చరిత్రకారులును దీనిని విశేషముగా పేర్కొందురు. మెరోవింజియన్, కరోలింజియన్, కపేషియన్, వాల్వా, బుర్బన్ వంశములకు చెందిన 42 మంది రాజులును, 32 మంది రాణులును, 63 మంది రాకుమారులు, రాకుమార్తెలును, రాజ్యమునకు మహోపకారము చేసిన 10 మంది ప్రముఖులును ఇచ్చట ఖననము చేయబడిరని గణన. 70కి పైగా శయనప్రతిమలును, సమాధి కట్టడములును నేటికిని ఆలయమందు నిలిచియున్నవి.

ఆదిలో ఇది బెనెడిక్టు సంప్రదాయమునకు చెందిన సన్యాసుల మఠాలయము. బిషప్పు పీఠము ఇచ్చట స్థాపింపబడిన 1966 నుండి మాత్రమే దీనికి కెథీడ్రల్ హోదా చెల్లినది. పూర్వము నుండి వచ్చుచున్న బసిలికా అను వ్యవహారము నేటికిని జనులయందు నిలిచియున్నది. ఆలయపు పొడవు సుమారు 108 మీటర్లు. మధ్యమండపమున నేలనుండి కప్పు వరకు ఎత్తు సుమారు 29 మీటర్లు.

ఆరంభ చరిత్ర

ఈ స్థలము రోమనుల కాలమందే శ్మశానవాటికగా నుండెను. పారిస్ ప్రథమ బిషప్పగు డెనీ, ఆతని సహచరులగు రుస్తిక్, ఎల్యూథేర్ అనువారు మూడవ శతాబ్దమున హతసాక్షులై ఇచ్చట పూడ్చబడిరని సంప్రదాయము. శిరచ్ఛేదమైన పిదప డెనీ తన తలను చేత పట్టుకొని మోంమార్త్ర్ గుట్టనుండి ఈ తావు వరకు నడిచివచ్చెనను ఐతిహ్యము మధ్యయుగమున మిక్కిలి వ్యాప్తి నందినది. తలను చేత ధరించిన డెనీ ప్రతిమలకు ఈ కథయే మూలము. అయిదవ శతాబ్దమున పునీత జెనెవియేవ్ ఆ సమాధిపై ఒక చిన్న ఆలయమును కట్టించెనని చెప్పుదురు.

హతసాక్షి సన్నిధిని ఖననము పొందినవారికి ఆతని మధ్యవర్తిత్వము లభించునను విశ్వాసమే రాజకుటుంబీకుల నీ చోటికి ఆకర్షించినది. ఆరవ శతాబ్దమున మొదటి క్లోటేర్ రాజు భార్యలలో నొకతెయగు అరెగొండె ఇచ్చట ఖననము చేయబడినది. 1959లో జరిగిన త్రవ్వకములలో ఆమె పేరు చెక్కిన ఉంగరముతో, ఆభరణములతో గూడ ఆ శవపేటిక బయల్పడినది. 639లో మరణించిన దగొబేర్ రాజు ఈ మఠమునకు విశేషముగా దానములిచ్చి, ఇచ్చటనే ఖననము పొందిన తొలి రాజుగా ప్రసిద్ధుడయ్యెను.

754లో పోపు రెండవ స్టీఫెన్ ఈ ఆలయమందే పెపిన్ రాజునకును, ఆతని కుమారులకును తైలాభిషేకము చేసెను. పెపిన్ 768లో మరణించి ఇచ్చటనే ఖననము చేయబడెను. మఠాధిపతి ఫుల్రాడ్ కట్టించిన నూతనాలయము 775లో షార్లమేన్ చక్రవర్తి సమక్షమున ప్రతిష్ఠితమయ్యెను. తొమ్మిదవ శతాబ్దమున హిల్డువిన్ అను మఠాధిపతి, ఆలయ పునీతుడగు డెనీయు, బైబిలులో పేర్కొనబడిన ఏథెన్సు నివాసి డయొనీషియసును ఒక్కరేయని ప్రతిపాదించెను. ఈ అభేదమును పండ్రెండవ శతాబ్దమున ఇదే మఠమందు సన్యాసిగానున్న తత్త్వవేత్త పీటర్ అబెలార్డు శంకించి సహసన్యాసుల ఆగ్రహమునకు గురియయ్యెను. ఆ ఇరువురును భిన్నకాలములవారని ఆధునిక పరిశోధకులు నిర్ణయించిరి.

సుజేర్ నిర్మాణము

సుమారు 1081లో జన్మించి, బాల్యముననే మఠమున చేరిన సుజేర్ 1122లో మఠాధిపతి యయ్యెను. ఆరవ లూయీ, ఏడవ లూయీ రాజులకు ఆప్తమంత్రిగా వ్యవహరించి, ఏడవ లూయీ క్రూసేడు యుద్ధమునకు వెడలినపుడు రాజ్యభారమును వహించిన ఈ మహనీయుడు, పండుగ దినములలో భక్తజనుల ఒత్తిడికి పాతయాలయము చాలకపోవుటను గమనించి, దానిని రెండు కొసలయందును నూతనముగా నిర్మింప సంకల్పించెను. పశ్చిమ ముఖభాగము 1140 జూన్ 9న ప్రతిష్ఠింపబడెను. అనంతరము ప్రారంభింపబడిన తూర్పుభాగము మూడు సంవత్సరముల మూడు మాసములలో ముగిసెనని సుజేర్ స్వయముగా వ్రాసియున్నాడు. 1144 జూన్ 11న ఏడవ లూయీ రాజును, ఎలెనోర్ రాణియు, అనేకులగు బిషప్పులును సమావేశమై యుండగా తూర్పుభాగపు ప్రతిష్ఠ జరిగెను.

మొనదేలిన కమాను, రాతి బద్దలపై నిలుచు కమానుకప్పు అను రెండు సాధనములును అంతకుముందే వేర్వేరు స్థలములలో వాడుకలో నుండెను. ఇంగ్లండులోని డరమ్ కెథీడ్రల్‌నందు బద్దల కప్పులును, బర్గండీ ప్రాంతపు ఆలయములందు మొనదేలిన కమానులును సుజేర్ కాలమునకు పూర్వమే కలవు. ఈ రెండింటిని సన్నని స్తంభములతోను, విశాలమగు కిటికీలతోను మేళవించి, గదులుగా విడిపోక ఒక్కటిగా కనిపించు ప్రకాశవంతమగు ఆవరణమును సాధించుటయే సేంట్ డెనీ ప్రత్యేకత. దాదాపు ఇదే కాలమున సాన్స్ పట్టణపు కెథీడ్రల్ నిర్మాణమును సాగుచుండెను గనుక, గోథిక్ శైలి ఒక్క కట్టడమునుండియే పుట్టెననుట కంటె, పారిస్ పరిసరప్రాంతమున ఏకకాలమున రూపొందెననుట యుక్తమని పలువురి అభిప్రాయము.

సుజేర్ ఆశయమును గూర్చియు పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. డయొనీషియస్ పేర ప్రచారమందున్న గ్రీకు గ్రంథములలోని జ్యోతిస్తత్త్వము, అనగా భౌతికమగు వెలుగు మనస్సును పరంజ్యోతివైపు నడపునను సిద్ధాంతము, ఆతని నిర్మాణమునకు ప్రేరకమయ్యెనని ఎర్విన్ పనోఫ్‌స్కీ 1946లో ప్రతిపాదించెను. సుజేర్ రచనలలో ఆ సిద్ధాంతపు ప్రభావము స్వల్పమనియు, ఆలయమహిమయు, రాజభక్తియు, పూజాసౌకర్యములే ఆతనికి ప్రధానములనియు తరువాతి పరిశోధకులు కొందరు వాదించిరి.

పదమూడవ శతాబ్దపు పునర్నిర్మాణము

సుజేర్ కట్టించిన రెండు కొసల నడుమ పాత కరోలింజియన్ మండపము ఎనుబది సంవత్సరములకు పైగా అట్లే నిలిచియుండెను. 1231లో మఠాధిపతి యూడ్ క్లెమాన్ దానిని తొలగించి నూతన నిర్మాణమును ప్రారంభింపగా, ఆ పని 1281 నాటికి పూర్తియయ్యెను. సుజేర్ తూర్పుభాగమున క్రింది ప్రదక్షిణపథమును, చిన్న ప్రార్థనాలయములను, భూగృహమును నిలిపి, పై అంతస్తులను మాత్రము క్రొత్తగా నిర్మించిరి. ఈ దశలో పనిచేసిన వాస్తుశిల్పులలో పియేర్ ద మోంత్రయ్ పేరు సుప్రసిద్ధము.

గోథిక్ శైలియందు రెయోనాన్ అని వ్యవహరింపబడు దశకు ఈ పునర్నిర్మాణము ఆదర్శమైనది. అంతకుముందు మధ్యమండపపు గోడలలో క్రింది కమానులకును పై కిటికీలకును నడుమ వెలుతురులేని ఇరుకు నడవ యుండెడిది. సేంట్ డెనీయందు ఆ నడవ వెనుకగోడకు సైతము అద్దములు పొదిగి, క్రిందినుండి కప్పు వరకు సాగు సన్నని స్తంభికలతో అంతస్తులన్నిటిని కలిపివేసిరి. మధ్యమండపమునకు అడ్డముగా సాగు అడ్డమండపమున ఇరుకొసలయందు బృహత్ప్రమాణముగల గులాబీ గవాక్షములను అమర్చిరి. అడ్డమండపమును సామాన్యముకంటె వెడల్పుగా కట్టుటకు, రాజసమాధులకు చాలినంత చోటు కల్పింపవలెనను ఉద్దేశమును కారణమని భావింతురు.

నిర్మాణ విధానము

గోథిక్ కట్టడమున కప్పు బరువు గోడయంతటిపై సమముగా పడక, రాతి బద్దల వెంబడి నిర్దిష్ట బిందువులకు ప్రవహించును. ఆ బిందువులయందు స్తంభములు నిలుచును. కమానులు ప్రక్కలకు త్రోయు బలమును, గోడవెలుపల గాలిలో వంతెనవలె సాగు ఆలంబన కమానులు గ్రహించి నేలకు చేర్చును. ఇట్లు బరువును మోయు పని స్తంభములకును, ఆలంబనములకును చెందుటచేత, వాని నడుమనుండు గోడ కేవలము ఆవరణమాత్రమై, దాని స్థానమున అద్దములను నింపుటకు వీలు కలిగినది. అర్ధవృత్తాకారపు కమాను ఎత్తు దాని వెడల్పుచే నిర్ణీతమగును. మొనదేలిన కమానుకు ఆ నిర్బంధము లేదు గనుక, వేర్వేరు వెడల్పులుగల కమానులను సమమగు ఎత్తున కలుపుట సాధ్యమైనది. వక్రాకృతిగల ప్రదక్షిణపథమును ఏకరీతియగు కప్పుతో నిర్మించుటకు సుజేర్ శిల్పులకు ఈ గుణమే తోడ్పడినది.

అంతర్భాగ వర్ణనము

*ముఖమండపము.* పశ్చిమద్వారమున ప్రవేశించినవారికి మొదట సుజేర్ కాలపు దళసరి స్తంభములతో కూడిన, కొంత చీకటిగా నుండు ముఖమండపము కనబడును. దీని మీదనే గోపురములు నిర్మింపబడెను.

*మధ్యమండపము.* ముఖమండపమును దాటినంతనే పదమూడవ శతాబ్దపు మధ్యమండపము ఎదురగును. ఇరువైపుల పార్శ్వమండపములు దీనిని అనుసరించును. పై కిటికీలనుండియు, అద్దముల నడవనుండియు వెలుగు ధారాళముగా ప్రసరించుటచే ముఖమండపమునకును దీనికిని గల భేదము స్ఫుటముగా గోచరించును.

*గాయకమండపము, ప్రదక్షిణపథము.* సన్యాసులు కూర్చుండి ప్రార్థనలు గానముచేయు గాయకమండపమునకు తూర్పున ప్రధాన బలిపీఠము కలదు. దానిని చుట్టి రెండు వరుసల ప్రదక్షిణపథమును, ఆ పథము నానుకొని కిరణములవలె వెలువడు చిన్న ప్రార్థనాలయములును ఉన్నవి. ప్రార్థనాలయముల నడుమ అడ్డుగోడలు లేకుండుటచే వాని కిటికీలన్నియు కలిసి ఒకే కాంతివలయముగా భాసించును. ఈ భాగమున మధ్యనున్న పండ్రెండు స్తంభములు పండ్రెండుగురు అపొస్తలులను, ప్రక్కనున్న అన్నియే స్తంభములు ప్రవక్తలను సూచించునని సుజేర్ వివరించెను.

*రంగుటద్దములు.* సుజేర్ కాలపు అద్దములలో యెష్షయి వంశవృక్షము, మోషే చరిత్రము, క్రీస్తు బాల్యము అను అంశములకు చెందినవి ముఖ్యములు. క్రీస్తు బాల్యమును చిత్రించు కిటికీయందు మరియమ్మ పాదములచెంత సాష్టాంగపడియున్న సుజేర్ రూపమును చూడవచ్చును. ఫ్రెంచి విప్లవకాలమున అద్దములు పెక్కు తొలగింపబడుటచే, నేడు కానవచ్చు వానిలో అధికభాగము పందొమ్మిదవ శతాబ్దపువి. ప్రాచీన ఫలకములు కొన్ని మాత్రమే మిగిలియున్నవి.

*భూగృహము.* గాయకమండపము క్రింద భూగృహము కలదు. దీని మధ్యభాగము తొమ్మిదవ శతాబ్దమునాటి హిల్డువిన్ నిర్మాణమునకు చెందినది. దానిని చుట్టియున్న భాగము సుజేర్ కట్టించినది. పై అంతస్తున మొనదేలిన కమానులుండగా ఇచ్చట అర్ధవృత్తాకారపు కమానులు కలవు. బుర్బన్ రాజుల ఖననస్థానమును, అస్థిశాలయు ఈ భూగృహమందే యున్నవి (చూ. పునరుద్ధరణము).

*ఆర్గన్ వాద్యము.* పశ్చిమద్వారముపై నెలకొన్న మహా ఆర్గన్ వాద్యమును అరిస్తీద్ కవాయే-కోల్ నిర్మించెను. ఇది 1841లో ప్రారంభింపబడెను. మీటలను నొక్కుటకు కావలసిన శ్రమను గాలి ఒత్తిడిచే తగ్గించు బార్కర్ యంత్రమును మొదటిసారి ఈ వాద్యమందే వినియోగించిరి.

మఠము, రాజరికము

ఫ్రెంచి రాజుల పట్టాభిషేకము రేమ్స్ కెథీడ్రల్‌నందును, ఖననము సేంట్ డెనీయందును జరుగుట ఆచారముగా నెలకొనెను. పట్టాభిషేకమునకు వలసిన కిరీటము, రాజదండము మున్నగు రాజచిహ్నములు సేంట్ డెనీ కోశాగారమందు భద్రపరుపబడి, అవసరమైనపుడు రేమ్స్ నగరమునకు కొనిపోబడుచుండెను. ఓరిఫ్లామ్ అను ఎఱ్ఱని యుద్ధపతాకమును రాజులు యుద్ధమునకు వెడలునపుడు ఈ బలిపీఠమునుండియే స్వీకరించుచుండిరి. 1124లో ఆరవ లూయీ దానిని స్వీకరించుట ప్రసిద్ధము. రాణులలో పలువురి పట్టాభిషేకము ఈ ఆలయమందే జరిగెను. 1610 మే 13న మరీ ద మెదిచీ ఇచ్చట అభిషిక్తురాలగుటయు, మరునాడే ఆమె భర్తయగు నాలుగవ హెన్రీ హత్యకు గురియగుటయు సంభవించెను. ఆ హెన్రీయే 1593 జూలై 25న ప్రొటెస్టంటు మతమును విడనాడి, ఈ ఆలయమందే కతోలిక మతమును స్వీకరించెను.

రాజచరిత్ర రచనయు ఈ మఠసన్యాసుల కృషియే. ప్రిమా అను సన్యాసి 1274లో రాజునకు సమర్పించిన ఫ్రెంచిభాషా చరిత్ర, తరువాతి కాలమున మహావృత్తాంతములుగా విస్తరించినది. రాజుల శరీరములను, చిహ్నములను, చరిత్రను ఒక్కచోటనే భద్రపరచుటచే ఈ మఠము రాజ్యపు జ్ఞాపకశాలగా పరిణమించినది.

రాజు శవపేటికను సమాధిలోనికి దించునపుడు సేనాధికారులును, ఆస్థానోద్యోగులును తమ దండములను, పతాకములను క్రిందికి వాల్చుచుండిరి. మృతుడైన రాజు మరణమును, నూతనరాజు జయమును వెంటవెంటనే ఎలుగెత్తి చాటుట ఈ తంతులో ముఖ్యాంశము. రాజవ్యక్తి నశించినను రాజత్వము నశింపదను సిద్ధాంతమును ఇది సభాముఖమున ప్రకటించెడిది.

సమాధుల భేదములు

ఆలయమందలి సమాధులను ఈ క్రింది తరగతులుగా విభజింపవచ్చును.

1. *ఫలకసమాధి.* నేలకు సమముగా పరచిన రాతిపై రూపమును చిత్రించునది. ఫ్రెడెగొండె రాణి ఫలకము ఇందులకు ఉదాహరణము. ఆమె ఆరవ శతాబ్దమున జీవించినను, రంగురాళ్ళు పొదిగిన ఈ ఫలకము పండ్రెండవ శతాబ్దమున చేయబడినది.

2. *శయనప్రతిమ.* మృతుడు వెల్లకిల పరుండినట్లు, తల దిండుపై నానించి, రాజవస్త్రములు ధరించినట్లు చెక్కునది. పదమూడవ శతాబ్దపు ప్రతిమలలో కన్నులు తెరచియుండును. ఇది పునరుత్థానము కొరకు నిరీక్షించుటను సూచించును. పురుషుల పాదములచెంత బలసూచకమగు సింహమును, స్త్రీల పాదములచెంత విశ్వాససూచకమగు కుక్కయు తరచుగా కానవచ్చును.

3. *హృదయ, ఆంత్ర సమాధులు.* శరీరమును విభజించి, గుండెను, ప్రేవులను, అస్థులను వేర్వేరు ఆలయములలో ఖననము చేయుట ఫ్రెంచి రాజకుటుంబమున చిరకాలము సాగినది. దూరదేశమున మరణించినవారి కళేబరమును కాచి అస్థులను వేరుచేసి స్వదేశమునకు తెచ్చుటనుండి ఈ యాచారము బలపడెను. 1299లో పోపు ఎనిమిదవ బోనిఫేస్ దీనిని నిషేధించినను, రాజులు ప్రత్యేకానుమతులు పొంది కొనసాగించిరి. గుండె సమాధికై చేయబడిన ఆంజూ చార్లెస్ ప్రతిమ చేత గుండెను ధరించియుండును.

4. *రెండంతస్తుల సమాధి.* క్రింది అంతస్తున ప్రాణము విడచిన నగ్నశరీరమును, పై అంతస్తున మోకరిల్లి ప్రార్థించు సజీవరూపమును చూపునది. ఇది పదునారవ శతాబ్దపు విశేషము.

5. *ప్రతిమ లేని భూగృహ సమాధి.* బుర్బన్ రాజుల పద్ధతి ఇట్టిది.

ప్రధాన సమాధులు

*దగొబేర్ సమాధి.* పదమూడవ శతాబ్దమున ప్రధాన బలిపీఠము దక్షిణపార్శ్వమున నిర్మింపబడిన ఈ సమాధి ఎత్తయిన శిలాతోరణముతో కూడియున్నది. దగొబేర్ ఆత్మను భూతములు పడవలో కొనిపోవుచుండగా, డెనీ, మార్టిన్, మారిస్ అను మువ్వురు పునీతులు విడిపించి స్వర్గమునకు చేర్చినట్లు ఒక సన్యాసి కనిన దర్శనము తోరణమందు మూడు వరుసలలో చెక్కబడినది. మఠమునకు దానములిచ్చిన రాజును మఠపునీతుడు రక్షించునను భావము ఈ శిల్పమందు స్పష్టము.

*తొమ్మిదవ లూయీ వరుస.* తరువాత పునీతుడుగా ప్రకటింపబడిన తొమ్మిదవ లూయీ, 1263–64 ప్రాంతమున తన పూర్వరాజుల అస్థులను అడ్డమండపమునకు మార్పించి, వారికి 16 శయనప్రతిమలను చేయించెను. వానిలో 14 నిలిచియున్నవి. మెరోవింజియన్, కరోలింజియన్ వంశీయులను ఒకవైపునను, కపేషియన్ వంశీయులను మరియొకవైపునను అమర్చిరి. ఆ ప్రతిమలు ఒకే తరహా వస్త్రములతో, ఒకే తరహా ముఖములతో నుండుట గమనింపదగినది. వ్యక్తుల పోలికను చూపుట కాక, భిన్నవంశములను ఒకే అవిచ్ఛిన్న పరంపరగా నిలుపుటయే ఆ రాజు ఉద్దేశము. లూయీ 1270లో ట్యూనిస్ చెంత మరణింపగా ఆతని అస్థులు ఇచ్చటికి తేబడెను. 1297లో ఆతడు పునీతుడుగా ప్రకటింపబడెను.

*మూడవ ఫిలిప్.* 1285లో మరణించిన ఈ రాజు ప్రతిమ 1298–1307 మధ్యకాలమున పాలరాతితో చెక్కబడినది. ముఖమున వ్యక్తిగతలక్షణములు కానవచ్చుటచే, పోలికను చూపు రాజప్రతిమలకు ఇది ఆరంభముగా పరిగణింపబడుచున్నది. ఆతని మాంసము నార్బోన్ పట్టణమునను, అస్థులు సేంట్ డెనీయందును ఖననమొందెను.

*అయిదవ చార్లెస్.* ఈ రాజు సింహాసనమెక్కిన 1364లోనే ఆంద్రే బోనెవ్ అను శిల్పికి తన ప్రతిమను, తన తండ్రితాతల ప్రతిమలను చెక్కు పని అప్పగించెను. రాజు బ్రతికియుండగనే ఆతని ముఖమును చూచి చెక్కిన రూపమగుటచే దీనికి చిత్రకళాచరిత్రయందు ప్రత్యేకస్థానము కలదు. రాజాజ్ఞచే ఆతని సమాధి చెంతనే సర్వసేనాధిపతి బెర్త్రాన్ ద్యు గెక్లాన్ ఖననము చేయబడెను. రాజవంశీయుడు గాని సైనికునకు ఇట్టి గౌరవము లభించుట అరుదు.

*పండ్రెండవ లూయీ, ఆన్ రాణి.* ఇటలీనుండి వచ్చి ఫ్రాన్సున స్థిరపడిన జుస్తీ కుటుంబపు శిల్పులు 1515–1531 మధ్య ఈ సమాధిని నిర్మించిరి. కమానులతో కూడిన మంటపము లోపల రాజదంపతుల మృతశరీరములును, పైన ప్రార్థించు రూపములును, చుట్టును పండ్రెండుగురు అపొస్తలులును, నాలుగు మూలల సద్గుణమూర్తులును, అడుగున ఇటలీ యుద్ధముల దృశ్యములును కలవు. సుగంధద్రవ్యములు నింపుటకై ఉదరమును కోసి కుట్టిన గుర్తులను సైతము శిల్పి దాచలేదు.

*మొదటి ఫ్రాన్సిస్, క్లోడ్ రాణి.* వాస్తుశిల్పి ఫిలిబేర్ ద లోర్మ్ రోమను విజయతోరణముల రీతిగా రూపకల్పన చేయగా, పియేర్ బోంతాన్ మున్నగు శిల్పులు చెక్కిరి. 1515నాటి మారిన్యాన్, 1544నాటి సెరిసోల్ యుద్ధముల దృశ్యములు దీని పీఠమున సవిస్తరముగా చెక్కబడినవి. పైన రాజదంపతులతోపాటు వారి సంతానములో మువ్వురు మోకరిల్లియుందురు.

*రెండవ హెన్రీ, కతరీన్ ద మెదిచీ.* ప్రిమాతిచ్చో రూపకల్పనము, జెర్మెన్ పిలోన్ శిల్పకౌశలము కలిసిన ఈ సమాధి 1573 నాటికి పూర్తియైనది. క్రింది మృతరూపములు పాలరాతివి. పై ప్రార్థనారూపములును, మూలలనున్న సద్గుణమూర్తులును కంచువి. ఈ సమాధికై ఆలయమునకు ఉత్తరమున వర్తులాకార మంటపమును కట్ట నారంభించిరి గాని, అది పూర్తిగాక 1719లో పడగొట్టబడెను. సమాధిని ఆలయములోనికి మార్చిరి.

*బుర్బన్ వంశము.* నాలుగవ హెన్రీ మొదలు పదునైదవ లూయీ వరకు రాజులకు శిల్పసమాధులు నిర్మింపబడలేదు. వారి సీసపు శవపేటికలు భూగృహమున వరుసగా ఉంచబడెను.

విప్లవకాలపు విధ్వంసము

ఫ్రెంచి విప్లవము రాజరికమును రద్దుచేసిన పిదప, రాజసమాధులను నాశనము చేయవలెనని జాతీయసభ 1793లో శాసించెను. ఆ సంవత్సరము ఆగస్టులో సమాధులు పెక్కు పగులగొట్టబడెను. అక్టోబరులో శవపేటికలు తెరువబడి, రాజుల, రాణుల కళేబరములు ఆలయమునకు ఉత్తరముననున్న రెండు గోతులలో సున్నముతో కప్పి పూడ్చబడెను. సీసమును, కంచును కరగించి యుద్ధసామగ్రికి వినియోగించిరి. పైకప్పు సీసమును గూడ ఊడబెరికిరి. నాలుగవ హెన్రీ శరీరము చెడక నిలిచియుండుటచే చూచుటకు జనులు గుమికూడిరని సమకాలికుల వ్రాతలు తెలుపుచున్నవి.

శిల్పములు సర్వనాశనము గాక నిలుచుటకు అలెగ్జాండర్ లెన్వార్ ముఖ్యకారకుడు. ఆతడు ప్రతిమలను కళావస్తువులుగా పేర్కొని పారిస్ నగరమునకు తరలించి, 1795లో ఫ్రెంచి స్మారక శిల్పముల మ్యూజియమును ప్రారంభించెను. సేంట్ జెర్మెన్ దె ప్రే ఆలయమునుండి వచ్చిన మొదటి శిల్డెబేర్ ప్రతిమ వంటి ఇతర స్థలముల శిల్పములును ఈ క్రమముననే అనంతరము సేంట్ డెనీని చేరినవి. అందుచే నేటి ప్రతిమలన్నియు మొదటినుండి ఇచ్చటివే యని తలంపరాదు.

పునరుద్ధరణము

నెపోలియన్ 1806లో ఈ ఆలయమును తన రాజవంశమునకు సమాధిస్థానముగా నిర్ణయించి మరమ్మతులను ఆజ్ఞాపించెను. కాని ఆతని అవశేషములు 1840లో పారిస్ నగరమందలి ఇన్వాలీడ్ భవనమునకు చేర్చబడెను. రాజరికము మరల నెలకొన్న పిదప పదునెనిమిదవ లూయీ, శిరచ్ఛేదము పొందిన తన అన్న పదునారవ లూయీ అవశేషములను, రాణి మరీ ఆంత్వానెత్ అవశేషములను 1815 జనవరి 21న ఇచ్చటికి తెప్పించెను. 1816లో లెన్వార్ మ్యూజియము మూయబడగా ప్రతిమలు తిరిగివచ్చెను. 1817లో గోతులను త్రవ్వి, వేరుచేయుటకు వీలుగాని అస్థులను భూగృహమందలి అస్థిశాలయందుంచి, నల్లని పాలరాతి పలకలపై పేర్లను చెక్కించిరి. 1824లో మరణించిన పదునెనిమిదవ లూయీ ఇచ్చట ఖననము పొందిన చివరి రాజు. కారాగారమున బాల్యముననే మరణించిన పదునేడవ లూయీదని నమ్మబడు గుండె, జన్యుపరీక్షల పిదప 2004లో ఇచ్చటి భూగృహమున ఉంచబడెను.

కట్టడము విషయమున ఫ్రాన్స్వా దెబ్రె జరిపిన పునరుద్ధరణము విమర్శలకు గురియైనది. 1837లో పిడుగుపాటుచే దెబ్బతిన్న ఉత్తర గోపురమును ఆతడు బరువైన రాళ్ళతో తిరిగి కట్టగా, పగుళ్ళేర్పడి, 1846–47లో దానిని విప్పివేయవలసివచ్చెను. అందుచే ముఖభాగము చిరకాలము ఒంటి గోపురముతోనే యుండెను. 1846లో బాధ్యతలు స్వీకరించిన వియోలె-ల్-ద్యుక్ తన మరణపర్యంతము, అనగా 1879 వరకు, కట్టడమును పటిష్ఠపరచి, భూగృహమున గుమికూడియున్న సమాధులను అడ్డమండపమునకు, గాయకమండపమునకు తెచ్చి, విప్లవమునకు పూర్వమున్న స్థానములయందు సాధ్యమైనంతవరకు నిలిపెను. ఉత్తర గోపురపు పునర్నిర్మాణము ఇరువదియొకటవ శతాబ్దమున చేపట్టబడినది.

ప్రాముఖ్యము

సేంట్ డెనీ ప్రాముఖ్యము మూడు విధములు. వాస్తుచరిత్రయందు ఇది రెండుసార్లు మార్గదర్శకమైనది: 1144లో సుజేర్ గాయకమండపముచేతను, 1231 పిదప అద్దముల గోడలతో కూడిన మధ్యమండపముచేతను. శిల్పచరిత్రయందు, పండ్రెండవ శతాబ్దము మొదలు పదునారవ శతాబ్దము వరకు ఫ్రెంచి సమాధిశిల్పము పొందిన పరిణామమును, అనగా ఒకే అచ్చున పోసినట్లుండు రాజరూపములనుండి వ్యక్తిగతమగు ముఖచిత్రణమునకును, దానినుండి మృత్యువు నిస్సంకోచముగా చూపు రూపములకును సాగిన క్రమమును, ఒకే కప్పు క్రింద పరిశీలించుటకు వీలు కల్పించుచున్నది. రాజకీయచరిత్రయందు, సమాధుల అమరిక స్వయముగా ఒక ప్రమాణపత్రము: తొమ్మిదవ లూయీ దానిచే వంశపరంపరను స్థాపించెను, విప్లవకారులు దానిని భగ్నముచేసి ఆ పరంపరను త్రుంచిరి, పదునెనిమిదవ లూయీ దానిని తిరిగి నిలిపి తన హక్కును ప్రకటించెను, వియోలె-ల్-ద్యుక్ దానిని జాతీయ వారసత్వముగా మలచెను.

ఈ ఆలయము 1862 నుండి చారిత్రక కట్టడముగా రక్షింపబడుచున్నది. మధ్యమండపమున నిత్యపూజలు సాగుచుండగా, సమాధులున్న భాగము ప్రభుత్వ స్మారకసంస్థ నిర్వహణలో సందర్శకులకు తెరువబడియున్నది. గోథిక్ వాస్తువును, ఫ్రెంచి రాజ్యచరిత్రను కలిపి అధ్యయనము చేయగోరువారు మొట్టమొదట పరిశీలింపవలసిన కట్టడము ఇదియే.